ఊపిరి వదిలినాక

పెద్దాసుపత్రిలో పదకొండో నంబరు గది నాది.
పొద్దున్నించీ ఒకే మాట, నూట ఇరవైసార్లు:
"గాలి పీల్చండి. బిగబట్టండి. కదలొద్దు."
కదిలితే పక్కటెముకలు
మంచులో ముళ్లకంచెలా చెదిరిపోతాయి,
మళ్లీ తియ్యాలి.
పద్దెనిమిదేళ్లుగా తిరుపతి జనాన్ని
గోడకానించి కదలకుండా నిలబెట్టినదాన్ని,
నా చేతులు నా మాటే వినవని
భాకరాపేట దాటాక తెలిసింది.

సెకండ్ హ్యాండ్ లెన్సు. రెండు కిలోల పైన నూటేభై గ్రాములు.
మొదటి ఆదివారం తలకోన నుంచి
మూడొందల ఫొటోలు మోసుకొచ్చాను.
కోతి మసక. నెమలి మసక.
పిట్ట ఎగిరిపోయాక మిగిలిన బండరాయి ఒక్కటి
నాచు పోగుతో సహా
ఎంత చక్కగా పడిందో.

దూరాన్ని లాక్కొచ్చే గాజు
నా వణుకునీ లాక్కొచ్చింది.
ఇక్కడ మణికట్టులో నాడి ఒక్కసారి కొట్టుకుంటే
అక్కడ కొమ్మ
మూరెడు పక్కకి జరిగేది.

అడవి కాపలా చెంచయ్య
కెమెరా ఎన్నడూ పట్టలేదు. చూసి నవ్వాడు.
"మోచేతులట్టా పైకెత్తితే నువ్వే పిట్టవైపోతావు తల్లీ.
పక్కలకి అదుము,
చంకలో కోడిపెట్టని పట్టుకున్నెట్టు.
ఎడం చెయ్యి గొట్టం కింద ఇంకా ముందుకి పోనీ,
నీళ్లబిందెని అడుగున పట్టవా, అట్ట.
మోకాలు రాతికానించు.
రాయెప్పుడన్నా వణికిందా?"

అలవాటు కొద్దీ ఊపిరి బిగబట్టాను.
"బిగబట్టబాక! బిగబడితే గుండెకాయ తలుపు కొడతాది.
మెల్లింగా వదిలెయ్.
వదిలినాక, మళ్లా పీల్చకముందు
రవంత ఖాళీ ఉంటాది సూడు,
ఆడ వదిలేవోణ్ణి ఉండేలు రాయి."
కాసేపాగి, ఖాకీ చొక్కా గుండీ సవరించుకుని,
"సిన్నప్పుడులే" అన్నాడు.

రాత్రుళ్లు మేడ మీద నిలబడి
ఘాట్ రోడ్డు మలుపుల్లో దిగే బస్సు దీపాల్ని
లెన్సుతో వెంబడించేదాన్ని.
భుజాలు మండేవి. పక్కింటి రాజ్యలక్ష్మి
ఏ ఇంట్లోకి చూస్తున్నానోనని
కిటికీ తెర లాగేసుకునేది.

సెకనులో వెయ్యో వంతు. అంతకు కిందికి దిగనివ్వను.
వెలుగు చాలక ఫొటో నిండా ఇసుక రాలితే రాలనీ.
ఇసుకలో ఉన్నా పిట్ట పిట్టే,
మసకలో ఉన్నదే
ఏదీ కాదు.

ఎనిమిదో ఆదివారం, ఆరుంబావు.
రాళ్లగుట్ట అంచున పసుపుగొంతు పిగిలిపిట్ట.
ఉలవగింజంత కన్ను.
వేలు సగం నొక్కి కంటి మీద నిలిపాను,
వదిలాను,
అంతా వదిలాను.
ఆ అడుగున నిజంగానే ఒక చోటుంది.
అక్కడ నేను లేను, బరువు లేదు.
టక టక టక.

వెనక తెరలో చూపించాను.
గొంతు కింద ఒక్కో ఈకా విడివిడిగా,
కంట్లో తెల్లారే ఆకాశం, దాని కింద
మోకరిల్లిన నల్లచుక్క ఒకటి.
చెంచయ్య చాలాసేపు చూశాడు.
"ఇంత దగ్గిరగా నేనెప్పుడూ..."
అని, తనే దిద్దుకున్నాడు:
"చూసినా. చేతిలో.
కన్ను మూసుంటాది అప్పుడు."
బీడీ తీసి, వెలిగించకుండానే లోపల పెట్టేశాడు.

సోమవారం. పిచ్చాటూరు మొగిలమ్మ, డెబ్భై దాటిన మనిషి,
చల్లటి బల్ల మీద వెల్లకిలా.
పొట్ట ఫిల్ముకి ఊపిరి వదలమనాలి,
మా పాఠాల్లో మొదట్నించీ ఉన్నదే,
ఇన్నేళ్లూ అన్నదే.
"వదిలెయ్ అవ్వా. ఇంకా. అంతే."
అద్దం వెనక నుంచి చూస్తే
పైట కింద పొట్ట మెల్లగా దిగి
దిగి
ఆగింది.
మీట మీద నా వేలు
పిట్టని చూసినట్టు చూసింది.

"కదిల్తినా మే?" అంది లేస్తూ, భయంగా.
లేదవ్వా,
బాగా వచ్చావు.